ఎనిమిదో మెట్టు మీద గోడ

ఆరేళ్ళు పట్టింది మాకు ఇనపకొండ కోట గెలవడానికి. ఆరేళ్ళూ శనివారం మధ్యాహ్నాలే. మిల్వాకీలో ఓ బొమ్మరైళ్ళ దుకాణం వెనకగదిలో, ఒక కాలు పొట్టిదైన బల్ల చుట్టూ కూచుని, పెన్సిళ్ళతో, కాగితాలతో, పాచికలతో గెలిచాం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మా ఆయన కూడా నవ్వేవాడు, "లేని కోట కోసం ఉన్న సెలవు తగలేస్తున్నావే బెర్నడీన్" అని. ఆయన చలికాలం ఆదివారాలన్నీ గడ్డకట్టిన చెరువుకి బెజ్జం పెట్టి, గాలమేసుకుని కూచుంటాడు. ఒక్క చేపా పడదు. నేనేమైనా అన్నానా?

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెబుతాను. ఒకరు కథ నడుపుతారు, ఆయన్ని మేం ఆటపెద్ద అంటాం. "మీ ముందు వంతెన ఉంది, కింద నిప్పు పారుతోంది" అంటాడు ఆటపెద్ద. అప్పుడు మనం సృష్టించుకున్న మనిషి ఏం చేస్తుందో మనం నోటితో చెప్పాలి. చేయగలిగిందా, మసైపోయిందా అన్నది పాచిక తేలుస్తుంది. గెలిచినకొద్దీ పాయింట్లు, పాయింట్లు పెరిగినకొద్దీ మెట్లు. అంతే ఆట. ఇందులో ఏడుపులూ అలకలూ ఎందుకుంటాయని అడిగితే, మీరెప్పుడూ దేన్నీ మనసు పెట్టి ఆడలేదని అర్థం.

మా ఆటపెద్ద లైల్ బ్రాండ్‌వోల్డ్. హైస్కూల్లో లెక్కల మాస్టారు. పక్షపాతమన్నది ఆయన ఇంటావంటా లేదు. పాచిక ఎవరిదైనా అందరి కళ్ళెదుటా బల్ల మీద పడాలి, పడ్డది పడ్డట్టే. ఆటలో నేను ఆడించే దొంగపిల్ల రెండుసార్లు చచ్చిపోయింది, ఒక్క కన్నీటి బొట్టుకి కూడా ఆయన కరగలేదు. నియమాల పుస్తకానికి గోధుమరంగు అట్ట వేసుకున్నాడు. దానికి మూరెడు దూరంలో కాఫీ కప్పు పెట్టనిచ్చేవాడు కాదు.

ఆడేవాళ్ళం ముగ్గురం. నేను బేకరీలో వారమంతా పిండి పిసికేదాన్ని. డ్వేన్ హ్యూబ్నర్ కార్లకి ఇన్సూరెన్సు అమ్ముతాడు. ఆటలో అతను సర్ ఆల్డెన్ అనే వీరుడు, మనిషి జాతి. ఇక క్లియోఫస్ టార్వర్ సిటీ బస్సు నడుపుతాడు. యాభై దాటిన మనిషి, మా బల్ల దగ్గర ఒకే ఒక్క నల్లజాతి మనిషి. ఆటలో ఆయన ఉల్గర్. రాతిజాతివాడు. రాతిజాతంటే పొట్టిగా, గడ్డాలతో, కొండల కడుపులో పుట్టి కొండల కడుపులో బతికే జనం. ఇనపకొండ కోట ఉల్గర్ తాతలు కట్టుకున్నది. రాక్షసులొచ్చి వాళ్ళని తరిమేశారు. ఆరేళ్ళ కిందట మొదటి శనివారమే టార్వర్ తేల్చి చెప్పాడు, ఉల్గర్‌కి బంగారం వద్దు, పేరు వద్దు, తాతల కోట కావాలని.

అలాంటిది, ఫిబ్రవరిలో ఒక శనివారం టార్వర్ వేసిన ఇరవై ముఖాల పాచిక మీద పందొమ్మిది పడి, రాక్షసరాజు తల తెగి పడింది. మేం వేసిన కేకలకి ఏం కూలిందో అనుకుని దుకాణం యజమాని పరిగెత్తుకొచ్చాడు. టార్వర్ లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడు.

"ఉల్గర్ వాళ్ళ తాత కుర్చీ దగ్గరికి నడుస్తున్నాడు," అన్నాడు.

లైల్ దగ్గాడు. పుస్తకం తెరిచాడు. ఆ దగ్గు నాకు నచ్చలేదు.

"కుర్చీ దగ్గర ఒక చిక్కుంది టార్వర్," అన్నాడు. "కోట ఏలాలంటే దొర అవ్వాలి. దొర అవ్వాలంటే తొమ్మిదో మెట్టు ఎక్కాలి. రాతిజాతికి ఎనిమిదితో ఆఖరు."

మాకు తెలియక కాదు. జాతుల పట్టిక అందరం చూసిందే. మనుషులకి మెట్లకి అంతు లేదు, మిగతా జాతులన్నిటికీ ఎక్కడో ఒకచోట గీత ఉంది. ఉల్గర్ ఎనిమిదో మెట్టు మీద ఆగిపోయి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో ఆటలో మనుషులమైన మేమిద్దరం అతన్ని దాటుకుని పైకెళ్ళిపోయాం. దాని గురించి ఎవరం పెద్దగా ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పని మాకు పడలేదు.

"అయితే కోట?" అన్నాడు టార్వర్.

"సర్ ఆల్డెన్ పేరున రాయాలి. దొంగలకి దొరతనం లేదు, మీలో ఆ అర్హత ఉన్నది అతనికే."

"అబ్బే, పేరుకే కదా!" అన్నాడు డ్వేన్, టార్వర్ వీపు తడుతూ. "కోట నీదే అనుకో. నువ్వే నా సేనాపతివి, సరేనా?"

"అనుకోవడం నాకు అలవాటేలే," అన్నాడు టార్వర్.

లైల్ రాయి కాదు. ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. తర్వాతి శనివారం చంకలో చుట్ట చుట్టిన పటం పెట్టుకుని, పండగనాటి పిల్లాడి మొహంతో వచ్చాడు. బల్ల మీద పరిచాడు. కోట అడుగున ఓ గుహ, గుహలో నీటి ఊట. రంగు పెన్సిళ్ళతో ఒక్కో అలనీ దిద్ది దిద్ది గీశాడు.

"నీలిరాతి ఊట," అన్నాడు. "ఇందులో మునిగిన రాతిజాతివాడు మనిషిగా పైకి లేస్తాడు. మనిషికి గీత లేదు కదా! మునుగు టార్వర్, లేచేసరికి దొరవి. పుస్తకం మాటా పోదు, నీ కోటా నీకొస్తుంది."

నేను చప్పట్లు కొట్టాను. ఇది దాచిపెట్టి లాభం లేదు. "మునుగు, మునుగు!" అని గొంతు చించుకుంది నేనే. డ్వేన్ బల్ల మీద దరువేశాడు. ఎంత తెలివైన ఉపాయం అనుకున్నాం. రూలు మీద రూలు వేసి ముడి విప్పడంలో పడి, ముడిలో ఇరుక్కున్న మనిషిని మర్చిపోవడం ఈ ఆట ఆడేవాళ్ళకి పుట్టుకతో వచ్చిన రోగం.

టార్వర్ పటం మీదికి వంగి చూశాడు.

"ఎన్నాళ్ళు గీశావు మాస్టారూ?"

"వారం. రోజూ స్కూలు నుంచి రాగానే కూచున్నా."

"బాగా గీశావు. మునిగితే గడ్డం పోతుందా?"

"పోతుంది. ఎత్తు కూడా పెరుగుతావు," అన్నాడు లైల్ ఉత్సాహంగా.

"మా తాతలు ఈ కోట కట్టింది గడ్డాలతోనే కదా."

అప్పుడు పడిపోయింది నా మొహం. చేతులు బల్ల కిందకి లాక్కున్నాను.

"మా నాన్న హోసియా టార్వర్," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "ఇక్కడే ఇనుము పోతపోసే కార్ఖానాలో ముప్పై ఒక్కేళ్ళు చేశాడు. ఎనిమిది మంది మేస్త్రీలకి పని నేర్పాడు. నేర్పాక వాళ్ళే ఆయన మీద పెత్తనం. ఎనిమిదిమందీ తెల్లవాళ్ళే. ఆయన మేస్త్రీ అవ్వలేదు. ఓ రోజు పై ఆఫీసరు భుజం మీద చెయ్యేసి అన్నాట్ట, 'హోసియా, నువ్వు తెల్లవాడివై పుట్టుంటే ఈపాటికి నా కుర్చీలో కూచునేవాడివయ్యా' అని. మెచ్చుకున్నాననుకున్నాడు ఆ మహానుభావుడు. మా నాన్న ఇంటికొచ్చి భోజనం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు."

టార్వర్ పాచికలు సంచిలో వేసుకున్నాడు, కోటు తొడుక్కున్నాడు. తలుపు మెల్లగానే వేసి వెళ్ళాడు. గట్టిగా వేసుంటే నాకు కాస్త ఊరటగా ఉండేది.

ఆ వారం నా చేతుల కింద పిండి నానా తిట్లూ తింది. గురువారం పని దిగాక కావాలని టార్వర్ నడిపే బస్సే ఎక్కి, ఆయన వెనక సీట్లో కూచున్నాను. పొట్లంలో గసగసాల రొట్టె తీసుకెళ్ళాను, ఆయనకి ఇష్టం.

"నేను చప్పట్లు కొట్టాను," అన్నాను.

"చూశాను."

"సిగ్గుగా ఉంది."

"ఉండాలి మరి," అన్నాడు, అద్దంలోంచి నా వైపు చూస్తూ. తర్వాత చెయ్యి వెనక్కి చాచి పొట్లం అందుకున్నాడు.

నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది. "శనివారం ఆ లైల్‌ని నిలబెట్టి కడిగేస్తాను చూడు. పుస్తకం ఎత్తుకెళ్ళి పొయ్యిలో పడేస్తాను."

"నువ్వేం కడగొద్దు. నీ నోటికో నమస్కారం. పక్కన కూచో, చాలు. ఉల్గర్ కోట, ఉల్గరే అడుగుతాడు."

"అయితే వస్తున్నావన్నమాట!"

"దిగు బెర్నీ. నీ స్టాపు దాటిపోతోంది."

శనివారం మంచు మోకాలిదాకా కురిసింది. అయినా అందరికంటే ముందు వచ్చి కూచున్నది టార్వరే. లైల్ మొహం పీక్కుపోయి ఉంది. క్షమాపణ లాంటిదేదో గొణిగాడు. టార్వర్ తలూపి, "ఆడదాం పద," అన్నాడు.

"ఉల్గర్ ఊట దగ్గరికి దిగుతున్నాడు."

లైల్ కళ్ళు మెరిశాయి, పాపం. "మునుగుతున్నావా?"

"పూడుస్తున్నాను."

"ఏంటి?"

"పూడుస్తున్నాను మాస్టారూ. మా కొండ రాళ్ళతో. రాతిజాతికి పుట్టిన ఏ పిల్లాడూ ఇక్కడికొచ్చి ఇందులోకి తొంగి చూడకుండా. పాచిక ఎంత పడాలి?"

"పద్నాలుగు," అన్నాడు లైల్.

పాచిక దొర్లింది. పదిహేడు. లైల్ తను వారంపాటు రంగులద్దిన ఊట మీద తన చేత్తోనే అడ్డంగా గీతలు గీసి, 'పూడింది' అని రాశాడు. ఆ మనిషి అలాంటివాడు. పడ్డది పడ్డట్టే.

టార్వర్ డ్వేన్ వైపు తిరిగాడు. "నీతో నాకు పేచీ లేదు. కానీ ఆ కుర్చీలో నువ్వు కూచుంటే, ఈ బల్ల దగ్గర నేను కూచోను."

డ్వేన్ చెవులు ఎర్రబడ్డాయి. ఏదో జోకు వేయబోయి మింగేశాడు. "సర్ ఆల్డెన్‌కి కోట వద్దు," అన్నాడు చివరికి. "ఆ రోజే వద్దనాల్సింది. దొర అంటే కాస్త సరదాగా అనిపించి ఊరుకున్నాను. నా తప్పే."

"ఇప్పుడు కోటకి దొరే లేడు," అన్నాడు లైల్. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే టార్వర్. నీలాంటి ఆటగాడు లేడు. ఈ ఒక్కసారికి గీత నా కంటపడలేదనుకుంటాను. నీ ఒక్కడికీ తొమ్మిదో మెట్టు ఇచ్చేస్తున్నాను."

ఆరేళ్ళ కోరిక, చెయ్యి చాస్తే చాలు.

"వద్దు," అన్నాడు టార్వర్.

"వద్దా? మరేం కావాలయ్యా నీకు?"

"నా ఒక్కడికీ వద్దు. నువ్విస్తే వచ్చేది, రేపు నువ్వు కాదంటే పోతుంది. ఆ గీత అసలెందుకుందో చదువు. పైకి చదువు."

లైల్ పేజీ తిప్పాడు. చదివాడు. "లోకమందు మనుష్యజాతిదే పైచేయిగా నుండవలెను గనుక, తక్కిన జాతులకు హద్దు విధించడమైనది."

"ఇంకా?"

"అంతే ఉంది."

"నీ క్లాసులో పిల్లాడెవడైనా లెక్కకి కారణం అడిగితే, 'అలా ఉండాలి గనక అలా ఉంది' అని రాశాడనుకో. ఎన్ని మార్కులేస్తావు?"

లైల్ ఊరికే ఓడిపోయే రకం కాదు. "అలా కాదు టార్వర్, ఆట తూకం కూడా చూడాలి. రాతిజాతికి చీకట్లో కళ్ళు కనిపిస్తాయి. విషం ఎక్కదు. ఇన్ని లాభాలున్నాయి, దానికి ఏదో ఒక ధర ఉండొద్దూ? లేకపోతే అందరూ రాతిజాతే తీసుకుంటారు."

అది బుద్ధిలేని మాట కాదు. డ్వేన్ కూడా తలూపబోయి ఆగాడు. నాకు నాలుక చివరిదాకా వచ్చింది, పళ్ళ మధ్య నొక్కి పట్టుకున్నాను. పక్కన కూచుంటే చాలన్నాడు కదా.

టార్వర్ తొందరపడలేదు. "ధర పెట్టు," అన్నాడు. "మొదటి మెట్టు నుంచీ పెట్టు. నీకు వంద పాయింట్లు చాలినచోట నాకు నూటయాభై కావాలను. రెండొందలను. ఎక్కడం ఎంత కష్టమైనా చెయ్యి, ఎక్కుతాను. పైన గోడ కట్టకు."

లైల్ ఆ పేజీని చూస్తూనే ఉన్నాడు, పరీక్ష పేపర్లో తనే తప్పు చేసిన లెక్కని చూసినట్టు.

తర్వాత చొక్కా జేబులోంచి స్కేలు తీశాడు. పిల్లల పేపర్లు దిద్దే ఎర్ర కలం తీశాడు. పెన్సిలు మరక కూడా పడనివ్వని ఆ పుస్తకంలో, జాతుల పట్టిక మీద, పై నుంచి కింది దాకా నిలువునా గీత కొట్టాడు. రాతిజాతి ఒక్కటే కాదు. అడవిజనం, చిట్టిజనం, రెండు జాతులకి పుట్టి ఎవరికీ కానివాళ్ళు, అందరి హద్దులూ ఆ గీత కింద పోయాయి. పక్కన అంచులో 'తప్పు' అని రాసి సంతకం చేశాడు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లెక్కల మాస్టారు ఒక ముక్క రాస్తే ఏడుస్తానని ఎవరైనా అంటే చీపురు తిరగేసి ఉండేదాన్ని.

"ఇవాళ్టి నుంచి ఉల్గర్‌కి పాయింట్లు రాస్తాను," అన్నాడు లైల్. "నువ్వన్న ధర ప్రకారమే. మనిషికి ఒకటైతే నీకు ఒకటిన్నర."

"పోయినేడాదివో?"

"అవి ఎవరు రాశారు టార్వర్? లెక్కలోకి రావని నేను రాయడం మానేశాను."

టార్వర్ ఉల్గర్ కాగితం తిరగేశాడు. వెనకవైపు సన్నటి పెన్సిలు గీతలతో, ప్రతి శనివారం తేదీ వేసి, ఉల్గర్ ఏం చేశాడో, దానికి మనిషైతే ఎంత వచ్చేదో వరసగా రాసి ఉంది. నిప్పు వంతెన. నా దొంగపిల్లని బావిలోంచి తీసిన రోజు. సర్ ఆల్డెన్ పారిపోతే ఉల్గర్ ఒక్కడే తలుపు కాసిన రోజు.

"రావని తెలిసీ ఎందుకు రాశావు?" అన్నాడు డ్వేన్, నమ్మలేనట్టు.

"నేను చేశాను కనక."

లైల్ కూడిక మొదలుపెట్టాడు. ఒకసారి కూడాడు. ఒకటిన్నర ధర పెట్టి మళ్ళీ కూడాడు. పెదాలు కదులుతున్నాయి. మూడోసారి కూడి తలెత్తాడు.

"తొమ్మిదో మెట్టు కాదు," అన్నాడు. "ధర పోగా పదో మెట్టు మీదున్నావు. నాలుగు నెలలుగా నువ్వు దొరవే. మాకే తెలీదు."

నేను అరిచిన అరుపు దుకాణం ముందుగదిలో రైళ్ళు పట్టాలు తప్పేలా ఉంది. డ్వేన్ టార్వర్‌ని కుర్చీతో సహా వాటేసుకున్నాడు. టార్వర్ నవ్వాడు. ఆరేళ్ళలో ఆయన పళ్ళన్నీ కనిపించేలా నవ్వడం అదే మొదటిసారి చూశాను. తర్వాత మాటలు ఒక్కొక్కటీ వదిలి వదిలి అన్నాడు:

"ఉల్గర్ వాళ్ళ తాత కుర్చీలో కూచున్నాడు."

"కూచున్నాడు," అన్నాడు లైల్. "ఇక దొరని వెతుక్కుంటూ జనం రావాలి. ఎంతమందో వెయ్యి."

వంద దాకా లెక్క చెప్పే రెండు పాచికలు వేశాడు టార్వర్. ముప్పై నాలుగు.

"ముప్పై నాలుగు మంది," అని లైల్ అలవాటుకొద్దీ పుస్తకం అందుకున్నాడు. దొర దగ్గరికి ఎలాంటి సైనికులొస్తారో అందులో ఇంకో పట్టిక ఉంది, అందరూ మనుషులే. ఆ పేజీ దాకా వెళ్ళి ఆగాడు. పుస్తకం మూసి పక్కన పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు.

"గీత ఉల్గర్‌కే కొట్టలేదు కదా," అన్నాడు, తనలో తను లెక్క కట్టుకుంటున్నట్టు. "ఈ లోకం మొత్తంలో కొట్టాను. అంటే ఎనిమిదో మెట్టు మీద ఆగిపోయినవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. మనుషుల కోటలకి కాపలా కాస్తున్నారు. నిన్న కాక మొన్నొచ్చిన కుర్రాళ్ళకి కత్తి పట్టడం నేర్పుతున్నారు. కబురు వాళ్ళకి అందింది టార్వర్. కొండదారిన పైకొస్తున్నారు. ముసలాళ్ళే ఎక్కువ. నలుగురు ఆడవాళ్ళున్నారు. గడ్డాలు నెరిశాయి. ఆయుధాలు మాత్రం తళతళలాడుతున్నాయి. కోట ముందు ఆగారు. లోపలికి రమ్మంటారో లేదోనని నిలబడ్డారు."

"తలుపులు తెరిపించు," అన్నాడు టార్వర్. "రెండు రెక్కలూ. ఉల్గర్ కుర్చీ దిగి గుమ్మం దాకా వెళ్తున్నాడు. ముందున్న ముసలాయన పేరేంటి?"

లైల్ తడబడ్డాడు. పుస్తకంలో జనం అంటే ఒక అంకె, పేర్లుండవు. "డోర్న్," అన్నాడు కాసేపటికి.

"డోర్న్," అని రాసుకున్నాడు టార్వర్. "ఏ మెట్టు?"

"ఎనిమిది. కాదు... ఆగు. ఎన్నేళ్ళుగా ఆగిపోయాడో పాపం. పదకొండు."

"రా డోర్న్. తర్వాత?"

మేం ముగ్గురం వంతులేసుకుని పేర్లు అందించాం, లైల్ ఒక్కొక్కరికీ మెట్టు లెక్క కట్టాడు. దుకాణం యజమాని దీపాలు ఆర్పడానికొచ్చి, చేతిలో తాళాలు పట్టుకుని తనూ రెండు పేర్లు చెప్పాడు. టార్వర్ ముప్పై నాలుగూ రాశాడు. రాసేముందు ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి లోపలికి పిలిచాడు.